భుజం కీలు: ఎముక తక్కువ తీయాలి, పట్టు గట్టిగా ఉండాలి

(కర్నూలులో మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు, ఎముకల డాక్టర్లు కలిసి కూర్చున్న సభలో ఒక ఇంప్లాంట్ డిజైనర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. డాక్టర్లంతా ముందు, పిల్లలంతా వెనక కూర్చున్నారు. మధ్యలో రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. కొంచెం ముందుకు జరగండి నాయనా, బోర్డు మీద గీసేది కనబడాలి. ఆఁ, అట్లా రండి.

మోకాలు మార్పిడి అంటే ఇప్పుడు చెప్పాల్సిన పని లేదు. మీ ఇళ్ళల్లోనే అవ్వకో, మేనత్తకో చేయించి ఉంటారు. భుజం కీలు కూడా మార్చవచ్చని ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, డాక్టర్లు తప్ప ఇద్దరు ముగ్గురే.

మరి భుజం ఎవరికి మార్చాల్సి వస్తుంది? స్నానాల గదిలో జారిపడి జబ్బ దగ్గర ఎముక నాలుగు ముక్కలైన ముసలమ్మకు. ఆదోని మార్కెట్లో ముప్ఫై ఏళ్ళు బస్తాలు మోసి, భుజం లోపలి కండరాలు తెగిపోయిన హమాలీకి. కీళ్ళవాతంతో కీలు అరిగిపోయిన మనిషికి. ఎక్కడో కట్టు కట్టించుకుని, ఎముక వంకరగా అతుక్కున్నాక నెలల తర్వాత ఆసుపత్రికి వచ్చినవాళ్ళకు. వాళ్ళు వచ్చి ఏం చెప్తారు? "చెయ్యి పైకి లేస్తల్యా సార్, అన్నం ముద్ద నోటికాడికి పోతల్యా" అంటారు. నొప్పి మాట ఆ తర్వాతే వస్తుంది. పని ఆగిపోయిందన్నదే మొదటి మాట. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో మనకు పని ఉంది.

ఈ రోజు నేను తెచ్చిన ప్రశ్న ఒకటే. డాక్టరుగారు "ఎముక తక్కువ తీసే ఇంప్లాంట్ చెయ్యవయ్యా" అంటారు. ఇంజనీరు "తక్కువ తీస్తే పట్టు ఎక్కడ దొరుకుతుంది? లోతుకు దించితేనే కదా నిలబడేది" అంటాడు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమా? చాలా ఏళ్ళు అడ్డమనే అందరూ అనుకున్నారు. కాదని నేను అంటున్నాను. చాలా చోట్ల ఎముకను మిగిల్చిన డిజైనే ఎక్కువ కాలం నిలబడుతుంది. ఎందుకో చెప్తాను.

ముందు కీలు ఎట్లా ఉంటుందో చూద్దాం. రెట్ట ఎముక, అదే హ్యూమరస్, దాని తల బంతిలాగా గుండ్రంగా ఉంటుంది. వ్యాసం దాదాపు 40 నుంచి 50 మిల్లీమీటర్లు. అది ఆనుకునేది వీపు మీది రెక్క ఎముకకు ఉన్న చిన్న పళ్ళెం మీద. దాన్ని గ్లినాయిడ్ అంటారు. దాని వెడల్పు 25 నుంచి 30 మిల్లీమీటర్లు, అంతే. తుంటిలో లాగా లోతైన గిన్నె కాదు ఇది. పెద్ద బంతి, చిన్న పళ్ళెం. బంతిని పళ్ళెం మీద నిలబెట్టేది ఎముక కాదు, చుట్టూ ఉన్న రొటేటర్ కఫ్ కండరాలు. అందుకే ఒంట్లో అన్ని కీళ్ళకంటే ఎక్కువ తిరిగేది భుజమే. అంత తేలిగ్గా జారేదీ అదే.

ఇంకో సంగతి. భుజం బరువు మోసే కీలు కాదు కదా అని పిల్లలు అనుకుంటారు. చెయ్యిని పక్కకు చాపి తొంభై డిగ్రీలు ఎత్తితే చాలు, చేతిలో ఏమీ లేకపోయినా కీలు మీద పడే బలం మనిషి బరువులో దాదాపు తొంభై శాతం. 1978లో పాపెన్, వాకర్ అనే ఇద్దరు వేసిన లెక్క ఇది. తర్వాత బెర్లిన్‌లో సెన్సార్లు అమర్చిన ఇంప్లాంట్లు పెట్టి, మనుషులు రోజువారీ పనులు చేస్తుండగా కొలిచారు. అక్కడ కూడా కొన్ని పనుల్లో బలం మనిషి బరువు దగ్గరికి వచ్చింది. ఎందుకంటే చెయ్యి పొడుగు, కండరం పట్టే చోటు కీలుకు దగ్గర. మీట లెక్క ఇది, మీకు మొదటి సంవత్సరంలోనే చెప్పారు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1893లో పారిస్‌లో పేయాన్ అనే సర్జన్ క్షయ వల్ల భుజం కుళ్ళిపోయిన 37 ఏళ్ళ రొట్టెల పనివాడికి ప్లాటినం గొట్టం, గట్టిపరిచిన రబ్బరు బంతి పెట్టాడు. చీము పట్టడంతో రెండేళ్ళకు తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత యాభై అరవై ఏళ్ళకు న్యూయార్క్‌లో చార్లెస్ నీర్ కోబాల్ట్ క్రోమియం లోహంతో బంతిని, దానికింద కాడను చేసి విరిగిన భుజాలకు పెట్టాడు. 1955లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 1970ల్లో పళ్ళెం వైపు పాలిఎథిలీన్ అనే ప్లాస్టిక్ ముక్కను సిమెంటుతో అతికించాడు. ఇవాళ మనం వాడే సాధారణ భుజం మార్పిడి మొత్తం ఆ మనిషి వేసిన దారే.

కాడ దగ్గర మొదలైన కథ

నీర్ కాడ పొడుగ్గా ఉండేది. రెట్ట ఎముక గొట్టంలోకి దిగి కూర్చునేది. అప్పటికి అదే సరైన ఆలోచన, ఎందుకంటే ఆయన చేతికి వచ్చినవి తల ముక్కలైన ఎముకలు. పట్టుకోవడానికి పైన ఏమీ మిగల్లేదు, కిందికి పోవాల్సిందే. కానీ తర్వాత కీలు అరిగిన వాళ్ళకు, పైన ఎముక బాగానే ఉన్నవాళ్ళకు కూడా అదే కాడను దించుతూ పోయాం. అవసరమా? ఎవరూ అడగలేదు చాలా రోజులు.

ఇప్పుడు ఇంజనీరింగ్ పిల్లలు వినండి. గట్టి ఎముక స్థితిస్థాపక గుణకం, యంగ్స్ మాడ్యులస్, 15 నుంచి 20 గిగాపాస్కల్స్. టైటానియం మిశ్రమం 110. కోబాల్ట్ క్రోమియం 200 పైనే. రెండు స్ప్రింగులను పక్కపక్కన పెట్టి నొక్కితే బరువు ఎవరు మోస్తారు? బిరుసుగా ఉన్నదే మోస్తుంది. లోపల లోహపు కాడ ఉంటే బలం కాడ గుండా కిందికి దిగిపోతుంది, పైభాగపు ఎముకకు పని ఉండదు. ఎముకకు పని లేకపోతే ఏమవుతుంది? 1892లోనే జర్మనీలో యూలియస్ వోల్ఫ్ చెప్పాడు, ఎముక తన మీద పడే భారాన్ని బట్టి తనను తాను కట్టుకుంటుందని. భారం లేని చోట పలచబడి కరిగిపోతుంది. దీన్ని స్ట్రెస్ షీల్డింగ్ అంటాం. అంటే పట్టు కోసం దించిన కాడే, కొన్నేళ్ళకు పైన తన చుట్టూ ఉన్న ఎముకను తినేస్తోంది.

రెండో నష్టం ఇంకా పెద్దది. ఆ కాడ ఒకరోజు తీయాల్సి వస్తే? చీము పట్టవచ్చు, పళ్ళెం వదులు కావచ్చు, కండరాలు తెగవచ్చు. సిమెంటు పోసి దించిన కాడను తీయాలంటే ఎముకకు కిటికీ కోసి, సిమెంటును ఉలితో ముక్కలు ముక్కలుగా తీయాలి. ముందు వరసలో తల ఊపుతున్నారు డాక్టరుగారు, వారికి ఆ బాధ తెలుసు. అరవై ఏళ్ళ మనిషికి మొదటి ఆపరేషన్ చేసేటప్పుడే డెబ్భై ఐదేళ్ళప్పుడు ఆ మనిషికి రెండో ఆపరేషన్ రావచ్చని డిజైనర్ తలుచుకోవాలి. ఆ రెండో సర్జన్‌కు ఎముక మిగలాలి కదా. అది మిగిల్చే బాధ్యత మనది.

అందుకే ఇంగ్లండ్‌లో స్టీఫెన్ కోప్లాండ్ 1980ల్లో తలను కోయకుండా పైన టోపీ తొడిగే పద్ధతి తెచ్చాడు. ఎముక బాగా మిగిలింది. కానీ తల అక్కడే ఉంటే సర్జన్‌కు వెనకున్న పళ్ళెం కనబడదు, అక్కడ పని చేయడం కష్టమవుతుంది. 2004 ప్రాంతంలో యూరప్‌లో స్టెమ్‌లెస్ వచ్చింది, అంటే కాడ లేనిది. తలను కోసి, కోసిన చోట ఉన్న మెత్తటి ఎముకలోకి రెండు మూడు సెంటీమీటర్ల రెక్కల ముక్కను దించి, దానిమీద బంతిని కూర్చోబెడతారు. అమెరికాలో ఇలాంటి దానికి 2015లో మొదటిసారి అనుమతి ఇచ్చారు.

కాడ లేకపోవడంలో ఇంకో లాభం ఉంది. బంతి కేంద్రం ఎముక గొట్టం నడిగీత మీద ఉండదు. ఆరేడు మిల్లీమీటర్లు లోపలికి, రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి ఉంటుంది. వెనక్కి తిరిగిన కోణం ఒకరికి పది డిగ్రీలైతే ఇంకొకరికి నలభై. కాడ ఉంటే బంతి ఎక్కడ కూర్చోవాలో గొట్టమే చెప్తుంది. కాడ లేకపోతే ఆ మనిషి తల ఎక్కడుందో అక్కడే పెట్టవచ్చు.

అయితే ఇది అందరికీ కుదరదు. లోపలి ఎముక మెత్తబడిపోయి ఉంటే రెక్కలకు పట్టు దొరకదు. అది ఆపరేషన్ బల్ల మీద ఎట్లా తెలుస్తుంది? సర్జన్ కోసిన ముఖం మీద బొటనవేలితో నొక్కి చూస్తారు! లొట్ట పడితే కాడ, పడకపోతే స్టెమ్‌లెస్. ఇన్ని లక్షల పరికరాల మధ్య ఇంత పెద్ద నిర్ణయం ఒక బొటనవేలి మీద ఉంది. ఆ వేలికి అనుభవం ఉంది, నాకు గౌరవం ఉంది. కానీ ఒక సర్జన్ వేలు చెప్పింది ఇంకొకరికి ఎట్లా అందుతుంది? ఎక్స్‌రేలో కూడా ఒక కొలత ఉంది. భుజాన్ని పైనుంచి కప్పి ఉండే డెల్టాయిడ్ కండరం ఎముకకు అంటుకునే గరుకు చోటుకు కాస్త పైన, ఎముక బయటి వ్యాసాన్ని లోపలి వ్యాసంతో భాగిస్తే 1.4 కంటే తక్కువ వస్తే ఎముక బలహీనం అని అనుమానించాలి. ఎక్స్‌రే మీద స్కేలు పెట్టి రెండు నిమిషాల్లో చేసే పని ఇది. బల్ల మీద నొక్కి బలం చూపించే చిన్న పరికరం మాత్రం మీలో ఎవరైనా చేయవచ్చు. నేను గట్టిగా అడుగుతున్నాను, చేయండి.

అసలు కష్టం పళ్ళెం వైపు

ఇంతవరకు చెప్పింది సులువైన సగం. భుజం మార్పిడులు వదులైతే ఎక్కువగా వదులయ్యేది గ్లినాయిడ్ వైపే. ఎందుకు? పట్టుకోవడానికి అక్కడ ఎముకే లేదు కాబట్టి. వెడల్పు చెప్పాను, లోతు నడిమధ్యలో సుమారు రెండున్నర సెంటీమీటర్లు, అంచులకు పోయేకొద్దీ ఇంకా తక్కువ. ఆ కొంచెంలో కూడా గట్టిగా ఉండేది పైపొర ఒక్కటే. రీమర్ అనే గీకుడు పరికరం పెట్టి గీకేకొద్దీ మెత్తటి ఎముక బయటపడుతుంది.

ఇప్పుడు కీలు అరిగిన మనిషిని తీసుకోండి. చాలామందికి పళ్ళెం సమంగా అరగదు, వెనక అంచు ఎక్కువ అరిగి బంతి వెనక్కి జారుతుంది. ఫ్రాన్స్‌లో లియోన్‌కు చెందిన జిల్ వాల్ష్ ఈ అరుగుదలను రకాలుగా విడదీశాడు, ఇట్లా వెనక అరిగిన రకాన్ని బీ2 అంటే డాక్టర్లకు వెంటనే అర్థమవుతుంది. దీన్ని సరిచేయడానికి పాత పద్ధతి ఏమిటి? ఎత్తుగా మిగిలిన ముందు అంచును గీకి వెనకతో సమం చేయడం. అంటే జబ్బు పడిన సగాన్ని వదిలేసి, బాగున్న సగాన్ని తీసేయడం! ఆ గట్టి పొర పోతుంది, లోతు తగ్గుతుంది, ఇంప్లాంట్‌ను ఎముకలో నిలబెట్టే పెగ్గులు అవతలికి పొడుచుకు వస్తాయి. పళ్ళెం వెనక్కి వాలిన వంపు పదిహేను డిగ్రీలు దాటితే ఈ పద్ధతి పనికిరాదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. దానికి బదులు ఇంప్లాంట్ వెనక్కే మందం పెంచుతున్నారు, వెనక సగం లావుగా, ముందు సగం పలచగా. ఎముకను ఇంప్లాంట్‌కు సరిపెట్టడం మానేసి, ఇంప్లాంట్‌ను ఎముకకు సరిపెట్టడం. నా దృష్టిలో ఈ ఇరవై ఏళ్ళలో వచ్చిన మంచి మార్పు ఇదే.

సరే, పెట్టాం. వదులెట్లా అవుతుంది? చెయ్యి ఎత్తినప్పుడు బంతి పళ్ళెం పైఅంచు మీదికి పోతుంది. పైఅంచు నొక్కుకుంటుంది, కింది అంచు లేస్తుంది. దించితే తిరగబడుతుంది. రోజూ వందలసార్లు. గొడ్డలి కామ వదులైనప్పుడు చూశారు కదా, వదులైన కామతో కొట్టిన ప్రతి దెబ్బకూ కంత ఇంకా పెద్దదవుతుంది, పెద్దదైన కంతలో కామ ఇంకా ఆడుతుంది. ఇక్కడ జరిగేది సరిగ్గా అదే. దాన్ని రాకింగ్ హార్స్ వదులు అని పుస్తకాల్లో రాస్తారు.

అందువల్ల పట్టు అంటే లోతు కాదు, కదలిక లేకపోవడం. ఈ ఒక్క మాట రాసుకోండి. గరుకు లోహం ఎముకలో కూర్చున్నప్పుడు మొదటి వారాల్లో అది ఎంత కదిలిందన్నదే దాని తలరాత. కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో కదలిక 28 మైక్రాన్ల లోపు ఉంటే ఎముక లోహపు రంధ్రాల్లోకి పెరిగింది. 150 దాటితే ఎముక రాలేదు, పీచు పొర వచ్చింది. 150 మైక్రాన్లంటే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా లేదు. పీచు పొర ఒకసారి వచ్చిందంటే అది ఇక ఎముకగా మారదు.

ఎముక పెరగడానికి లోహంలో రంధ్రాలు ఉండాలి, వంద నుంచి ఐదారువందల మైక్రాన్ల దాకా. త్రీడీ ప్రింటింగ్‌తో టైటానియం పొడిని పొర మీద పొర కరిగించి ఇవి ఇప్పుడు చేస్తున్నారు. రంధ్రాలు పెడితే బిరుసు కూడా తగ్గి ఎముక దగ్గరికి వస్తుంది, కాబట్టి వోల్ఫ్ చెప్పిన కరుగుదల కూడా తగ్గుతుంది. చూశారా, ఒక్క పనితో రెండూ. అయితే పళ్ళెం వెనక మొత్తం లోహపు పలక పెట్టిన పాత డిజైన్లు దెబ్బతిన్నాయి. లోహానికి చోటివ్వడానికి పాలిఎథిలీన్‌ను పలచగా చేశారు, అది త్వరగా అరిగింది, అరిగిన పొడి ఎముకను తినేసింది. అందుకే ఇప్పుడు చాలామంది మధ్యస్థం పట్టారు. నడిమి పెగ్గు ఒక్కటే రెక్కలతోనో, రంధ్రాల లోహంతోనో ఎముకలో పెరిగేలా చేసి, చుట్టూ చిన్న పెగ్గులకు మాత్రం సిమెంటు. సిమెంటు మొదటిరోజు పట్టు ఇస్తుంది, ఎముక పదేళ్ళ పట్టు ఇస్తుంది.

ఇక తిరగేసిన భుజం, రివర్స్. రొటేటర్ కఫ్ తెగిపోయిన మన హమాలీకి మామూలు మార్పిడి చేస్తే బంతి పైకి జారుతుంది, చెయ్యి లేవదు. 1985లో ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో పాల్ గ్రామోన్ బంతిని పళ్ళెం వైపు, గిన్నెను రెట్ట వైపు పెట్టాడు. తిరిగే కేంద్రం లోపలికి, కిందికి జరిగింది. డెల్టాయిడ్ కండరానికి మీట పొడుగైంది, ఒక్క డెల్టాయిడే చెయ్యిని ఎత్తగలిగింది. అందరూ ఇదే చెప్తారు. నేను చెప్పాలనుకున్నది వేరే. గ్రామోన్ తిరిగే కేంద్రాన్ని సరిగ్గా ఎముక ముఖం మీదికి తెచ్చాడు. అంతకుముందు రివర్స్ ప్రయత్నించినవాళ్ళ బంతులు ఎముకకు దూరంగా పొడుచుకుని ఉండేవి. బలం అంత దూరంలో పనిచేస్తే ఎముక దగ్గర టార్క్, అంటే మెలిపెట్టే బలం, పెరిగి బంతిని పట్టుకున్న పలక ఊడొచ్చేది. ఆయన ఆ దూరాన్నే దాదాపు సున్నా చేశాడు. ఒక్క స్క్రూ ఎక్కువ వేయకుండా, ఒక్క మిల్లీమీటరు ఎముక ఎక్కువ తీయకుండా, బలం పోయే దారిని మార్చి పట్టు తెచ్చాడు. డిజైన్ అంటే ఇది.

దానికీ ధర ఉంది. కేంద్రం అంత లోపల ఉంటే చెయ్యి దించినప్పుడు గిన్నె అంచు రెక్క ఎముక కింది మెడకు గీసుకుని అక్కడ గాడి పడుతుంది, నాచింగ్ అంటారు. కొత్త డిజైన్లు బంతిని కాస్త బయటికి, కిందికి పెట్టి, రెట్ట వైపు కోణాన్ని 155 డిగ్రీల నుంచి 145, 135కి తగ్గించి దీన్ని చాలా తగ్గించాయి. బయటికి తెస్తే టార్క్ పెరుగుతుంది కదా అని అడుగుతారు. అవును, మొదట్లో అట్లా తెచ్చినప్పుడు పలకలు ఊడాయి. పలకకు కూడా బిగుసుకునే లావుపాటి లాకింగ్ స్క్రూలు వచ్చాక ఆగింది.

ఇప్పుడు మొదట్లో గుర్తుపెట్టుకోమన్న మాట, పని ఆగిపోయిందన్న మాట. గ్లినాయిడ్ వదులు పరీక్షకు పరీక్షల ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ ఏఎస్‌టీఎం పెట్టిన ఎఫ్2028 అనే ప్రమాణం ఉంది. ఇంప్లాంట్‌ను ఎముకను పోలిన నురుగు దిమ్మెలో పెట్టి, 750 న్యూటన్ల బలంతో నొక్కుతూ, బంతిని ఈ అంచు నుంచి ఆ అంచుకు లక్షసార్లు తిప్పుతారు. ఆ లక్ష ఎక్కడిది? రోజుకు సుమారు పాతిక పెద్ద బరువు పనులు, పదేళ్ళ పాటు. రోజుకు పాతిక! ఆదోని యార్డులో అది పొద్దున టీ తాగేలోపే అయిపోతుంది. నేలమీద కూర్చుని లేచేటప్పుడు మన అవ్వలు అరచెయ్యి నేలకానించి మొత్తం ఒళ్ళు దాని మీద ఎత్తుతారు. రివర్స్ భుజానికి అదే ప్రమాదమైన భంగిమ. చెయ్యి వెనక్కి, ఒంటికి దగ్గరగా, లోపలికి తిరిగి, దానిమీద బరువు. జారిపోయేది అప్పుడే. మళ్ళీ వెనక్కి చెయ్యి పోక జడ వేసుకోలేకపోవడం, జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోవడం, కడుక్కోలేకపోవడం. చెయ్యి తలపైకి ఎంత లేచిందో కొలుస్తారు, ఇవి ఎవరు కొలుస్తారు? మన మనుషుల పనులతో మన పరీక్ష మనం రాసుకోవాలి.

అడిగారు ఒకమ్మాయి, మూడో వరసలో, "సార్, కర్నూల్లో కూర్చుని మేమేం చేయగలం?" అని. చాలా చేయగలరమ్మా. ఇక్కడే జగన్నాథగట్టు మీద డిజైన్, తయారీ కోసమే పెట్టిన ట్రిపుల్ ఐటీ ఉంది. ఆసుపత్రుల వైపు చూస్తే 1956 నుంచి నడుస్తున్న మెడికల్ కాలేజీ ఉంది. టైటానియం కావాలంటే హైదరాబాద్‌లో ప్రత్యేక లోహాలు చేసే ప్రభుత్వ సంస్థ మిధాని, పరీక్షలు, ప్రింటింగ్ కావాలంటే విశాఖలో వైద్య పరికరాల తయారీకి పెట్టిన మెడ్‌టెక్ జోన్. లేనిది కొలతలు. మనవాళ్ళ గ్లినాయిడ్ పాశ్చాత్యుల కంటే చిన్నదని మన దేశపు కొలతలు చెప్తున్నాయి. ఆడవాళ్ళది ఇంకా చిన్నది. పెద్ద ఎముకకు చేసిన పలకను చిన్న ఎముక మీద పెడితే అంచు గాలిలో వేలాడుతుంది, స్క్రూలకు ఎముక దొరకదు.

కాబట్టి మొదటి పని ఇది. మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో అనుమతి తీసుకోండి. వెర్నియర్ కాలిపర్ పట్టుకుపోండి. ఒక్కో రెక్క ఎముకకు పళ్ళెం ఎత్తు, పైసగంలో వెడల్పు, కిందిసగంలో వెడల్పు, వెనక్కి ఎంత వాలింది, నడిమధ్య లోతు. కుడిదా ఎడమదా, తెలిస్తే ఆడా మగా. ఒక్కో కొలత ఇద్దరు వేర్వేరుగా తీసి, తేడా వస్తే మూడోవాళ్ళు తీయాలి. ఎండు ఎముకలో మృదులాస్థి ఉండదు కాబట్టి తర్వాత డాక్టర్లు ఇచ్చే సీటీ స్కాన్లతో సరిచూసుకోవాలి, రోగి పేరు తీసేసిన స్కాన్లతో. ముందు వరసలోని డాక్టరుగారు స్కాన్లు చూపిస్తామని ఇప్పుడే సైగ చేశారు. సార్, మీటింగు కాగానే ఈ పిల్లలను ఒకసారి కలవండి.